తల వంచుకుని నడిచేవారికి: పెన్సిల్వేనియాలో జింకల జాడ వెతకబోయే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో తుపాకీతో జింకలను వేటాడే కాలం, నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం మొదలవుతుంది. రాష్ట్రంలో చాలా భాగంలో విల్లంబుల వేట అంతకు ముందే, అక్టోబరు తొలి రోజుల్లో ఆరంభమవుతుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్నవారు ఆగస్టు నుంచే సెలవు రోజుల్లో అడవిలోకి వెళ్లి, జింకలు ఎక్కడ మేస్తున్నాయో, ఎక్కడ పడుకుంటున్నాయో, ఏ దారిన తిరుగుతున్నాయో చూసి పెట్టుకుంటారు. దీనినే ఇక్కడ స్కౌటింగ్ అంటారు. లైసెన్సుకు ముందు చేసే శిక్షణ తరగతిలో తుపాకీ భద్రత గురించి ఎంతో శ్రద్ధగా చెబుతారు, చెప్పవలసిందే. అయితే చేతిలో తుపాకీ లేని ఈ తిరుగుడులో ఉన్న ప్రమాదం వేరు. జాడ వెతికేవాడి చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. ఒక గిట్ట ముద్ర నుంచి మరో ముద్రకు, ఒక పెంటికల కుప్ప నుంచి మరో కుప్పకు సాగిపోతూ ఉంటే, తాను ఎవరి భూమిలో ఉన్నాడో, పొద్దు ఎంత మిగిలిందో, అవతలి పొదల వెనుక ఎవరున్నారో అతనికి పట్టదు. ఇక్కడ రాస్తున్న జాగ్రత్తల్లో సగానికి పైగా, ఆ వంచిన తలను ఎప్పుడు ఎత్తాలో చెప్పేవే.

ఈ మాటలన్నీ ఇక్కడి తెల్లతోక జింకకు, ఇక్కడి చట్టానికి మాత్రమే వర్తిస్తాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, జింక తెలంగాణకు రాష్ట్ర జంతువులు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఇక్కడి సరదాను అక్కడ ఎవరి ముందూ ప్రదర్శించవద్దు.

హెచ్‌-1బి, ఎఫ్‌-1 వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు అడవి కంటే ముందు తమ కాగితాలు చూసుకోవాలి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం ఇటువంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉంది. పెన్సిల్వేనియా లైసెన్సు గడువు జూన్ 30తో తీరిపోతుంది కాబట్టి, దానిని మరచిపోయినవారి ఇంటి బీరువాలో నిన్నటి వరకు చట్టబద్ధంగా ఉన్న తుపాకీయే జూలై 1 నాటికి వీసాకు ఎసరు పెట్టే వస్తువుగా మారవచ్చు. స్నేహితుడి తుపాకీని కాసేపు పట్టుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకుని, అనుమానం ఉంటే వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగండి. జాడ వెతకడానికి వెళ్లినప్పుడు మాత్రం తుపాకీ ఎవరికీ అవసరం లేదు, బైనాక్యులర్ చాలు. తుపాకీ మీద ఉండే స్కోపుతో దూరాన కదిలేదేమిటో చూడడమంటే, అక్కడ ఉన్నది మనిషైతే అతని మీదకే గొట్టం గురిపెట్టడమని అర్థం. ఆ అలవాటు మొదటి రోజు నుంచే ఉండకూడదు.

తర్వాతిది సరిహద్దుల సంగతి. ఈ రాష్ట్రంలో వేటను, వన్యప్రాణులను చూసుకునే ప్రభుత్వ సంస్థ గేమ్ కమిషన్. అది నిర్వహించే ప్రభుత్వ వేట భూములు, అంటే స్టేట్ గేమ్ ల్యాండ్స్, దాదాపు 15 లక్షల ఎకరాలు ఉన్నాయి, అక్కడ తిరగడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. చిక్కు ఏమిటంటే, వాటి పక్కనే కంచె కూడా లేని ప్రైవేటు అడవులు ఉంటాయి, జింకకు ఆ తేడా తెలియదు. 2020 నుంచి ఇక్కడ చెట్టు మీద ఊదారంగు గీత ఉంటే అది ప్రైవేటు భూమి, లోపలికి రాకూడదు అని అర్థం. ఫిలడెల్ఫియా, అలిగేనీ కౌంటీలకు (మన జిల్లాల వంటివి) మాత్రం ఈ నియమం వర్తించదు. ఆ గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పుతో, నేల నుంచి 3 అడుగులకూ 5 అడుగులకూ మధ్య ఎత్తులో ఉంటుంది. అంటే సరిగ్గా నేలను చూస్తూ నడిచేవాడి కంటికి ఆననంత ఎత్తులో అన్నమాట. నా మొదటి ఏడాది, మగజింక కొమ్ములతో బెరడు ఒలిచేసిన లేతచెట్లు వరుసగా కనిపిస్తుంటే, ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటూ వాలు ఎక్కిపోయాను. ఏడో చెట్టో ఎనిమిదో చెట్టో దగ్గర నీళ్లు తాగడానికి తలెత్తితే, నేను దాటి వచ్చిన, బీచ్ అనే జాతి చెట్టు మీద ఊదా గీత, వెలిసిపోయి, నా ఛాతీ ఎత్తులో ఉంది. యజమాని ఎదురుపడలేదు గానీ, వచ్చిన దారినే వెనక్కి దిగుతున్నంతసేపూ వెన్నులో వణుకు పోలేదు. అప్పటి నుంచి ఫోనులో భూముల హద్దులు చూపే మ్యాపును ఇంటి దగ్గరే దించుకుని వెళ్తున్నాను. కొండల మధ్య సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. ప్రైవేటు భూమిలో తిరగాలనుకుంటే వేసవిలోనే, పగటిపూట, మామూలు దుస్తుల్లో యజమాని ఇంటికి వెళ్లి మర్యాదగా అడగండి. కాదంటే ధన్యవాదాలు చెప్పి వచ్చేయండి.

మీరు వేటాడకపోయినా పక్కవాడు వేటాడుతూ ఉండవచ్చు. అక్టోబరు అడవిలో ఉడుతల కోసం వచ్చినవారు, చెట్టెక్కి విల్లు పట్టుకుని కూర్చున్నవారు ఉంటారు. స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు వేటాడనివారు కూడా తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ రంగు ధరించాలన్నది నియమం. ఆ తేదీల కోసం ఎదురుచూడకుండా ఆకు రాలే కాలమంతా వేసుకోవడమే మేలు. జింక కంటికి నారింజ రంగు మనకు కనిపించినంత స్పష్టంగా కనిపించదు కాబట్టి దానివల్ల పోయేదేమీ లేదు. తెల్ల చేతిరుమాలు, తెల్ల టోపీ మాత్రం ఇంట్లో వదిలి వెళ్లండి. బెదిరిన తెల్లతోక జింక పైకెత్తే తోక కూడా అదే తెలుపు.

ఇక నేల చదవడం గురించి. ఆకులను కాలితో చిమ్మేసి మట్టి తేలేలా గోకిన చోటు, దాని పైన తల ఎత్తులో నమిలి విరిచిన కొమ్మ, రెండూ కలిసి కనిపిస్తే అది మగజింక గుర్తు పెట్టుకున్న చోటు. ఓక్ చెట్లలో ఆకు అంచులు గుండ్రంగా ఉండేది తెల్ల ఓక్. దాని కాయలో వగరు తక్కువ కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరులలో అవి రాలుతున్నప్పుడు జింకలు ముందు అక్కడికే వస్తాయి. ఇటువంటి చోటు దొరికిన ఆనందంలో కొత్తవారు చేసే పొరపాటు అక్కడే తచ్చాడడం, వారం తిరక్కుండా మళ్లీ రావడం. మీ వాసన పడిన దారిని జింక మార్చుకుంటుంది. గాలి మీ ముఖానికి తగిలేలా నడవండి, దట్టమైన పడకల్లోకి దూరకండి, ఒకసారి చూసి ఫోనులో గుర్తు పెట్టుకుని బయటికి వచ్చేయండి. ఎండ పొడ పడే రాతి వాలుల్లో సెప్టెంబరులో కూడా గిలకపాములు ఉంటాయి, కంటికి కనిపించని సందులో చేయి పెట్టవద్దు.

పది నిమిషాలకొకసారి ఆగి, తలెత్తి, వచ్చిన దారి వెనుక నుంచి ఎలా కనిపిస్తుందో చూడండి. పోయేటప్పుడు చూసిన అడవి, తిరిగి వచ్చేటప్పుడు వేరే అడవిలా ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కదా, ఆ వారాంతంలోనే చాలామంది చీకట్లో చిక్కుకుంటారు. నిన్న ఆరు గంటలకు పడిన చీకటి నేడు ఐదింటికే పడుతుంది, మన ఒంటికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఏ పార్కింగులో కారు పెట్టారో, ఎన్నింటికి బయటికి వస్తారో ఇంట్లోవారికి రాసి ఇవ్వండి. తలకు పెట్టుకునే దీపం, అదనపు బ్యాటరీ, ఒక ఈల, తడిస్తే మార్చుకోవడానికి పొడి చొక్కా సంచిలో ఉండాలి. కారులో కూర్చుని పొలాల మీద లైటు వేసి జింకలను లెక్కపెట్టే సరదా ఉన్నవారికి కూడా ఒక హద్దు ఉంది. రాత్రి 11 గంటల తర్వాత అది ఎప్పుడైనా చట్టవిరుద్ధం, జింకల తుపాకీ వేట కాలంలోనైతే ఏ వేళలోనైనా చట్టవిరుద్ధమే.

కూర్చోవడానికి చెట్టు ఎంచుకునేటప్పుడు దాని కొనదాకా చూడండి. పురుగు పట్టి ఎండిన, యాష్ అనే జాతి చెట్లు ఇక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి, నిలబడినట్టే ఉండి కొమ్మ విరిగి పడతాయి. పట్టీలతో ఒంటికి బిగించే హార్నెస్ లేకుండా, చూసి రావడానికే అయినా, ఎక్కవద్దు. మొదలు చుట్టూ నూగు తాడులా పాకిన తీగ ఉంటే ఆ చెట్టును అసలు ముట్టుకోవద్దు. అది పాయిజన్ ఐవీ. మూడేసి ఆకులుంటాయి, ఆకు రాలిన తర్వాత కూడా దాని జిగురు చర్మాన్ని పొక్కిస్తుంది. మన ఊళ్లలో బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, జీడిమామిడి, మామిడి, ఈ తీగ, అన్నీ ఒకే కుటుంబం. జీడి రసం అంటి మూతి పొక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగండి, బూట్ల తాళ్లను కూడా.

చిక్కి శల్యమై, చొంగ కార్చుకుంటూ, మనిషిని చూసి కూడా బెదరని జింక ఎదురైతే దగ్గరకు వెళ్లకుండా గేమ్ కమిషన్‌కు తెలియజేయండి. జింకలను క్షీణింపజేసి చంపే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే వ్యాధి 2012లో ఈ రాష్ట్రంలో బయటపడింది. అది ఉన్న ప్రాంతాలను గుర్తించి, అక్కడ జింక మూత్రంతో చేసిన ఎరలను నిషేధించారు. మనుషులకు సోకినట్లు ఇంతవరకు ఆధారం లేదు గానీ, ఆ ప్రాంతాల్లో వేటాడిన మాంసాన్ని పరీక్ష చేయించకుండా వండవద్దు.

నన్ను అడిగితే అన్నింటికంటే ఎక్కువ భయపడవలసింది, ఒంటిని కరిచి పట్టుకుని రక్తం పీల్చే గోమారికి (టిక్). లైమ్ వ్యాధిని వ్యాపింపజేసే నల్లకాళ్ల గోమారి పిల్లగా ఉన్నప్పుడు గసగసంత, ఎదిగాక నువ్వుగింజంత ఉంటుంది. పిల్లలు వేసవి మొదట్లో, పెద్దవి సరిగ్గా మనం తిరిగే అక్టోబరు, నవంబరులలో చురుగ్గా ఉంటాయి. చలి వచ్చింది కదా అని ధీమా పడవద్దు. 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందును ముందురోజే బట్టలకు, బూట్లకు కొట్టి ఆరనివ్వాలి, ఒంటికి రాయకూడదు. ఒంటికి రాసుకునేది వేరు, అది పురుగులను దగ్గరకు రానివ్వని డీట్ ఉన్న మందు. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపండి, చూసి నవ్వేవారు ఆ అడవిలో ఎవరూ లేరు. ఇంటికి రాగానే బట్టలను ఉతకకముందే పొడిగానే డ్రయ్యరులో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే దాగినవి చస్తాయి. ఆ తర్వాత మోకాళ్ల వెనుక, చంకలు, బొడ్డు, చెవుల వెనుక, జుట్టు కుదుళ్లు చూసుకోవాలి. వీపును ఇంట్లోవారు చూడాలి. కరిచి పట్టుకున్నది కనిపిస్తే నూనె, అగ్గిపుల్ల వంటి నాటు పద్ధతులు వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. సాధారణంగా అది ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటేనే వ్యాధి సోకుతుంది కాబట్టి, ఆ రాత్రే చూసుకోవడంలోనే ఉంది అసలు రక్షణ.

కరిచిన తేదీని క్యాలెండరులో రాసుకుని, 30 రోజులు గమనించండి. లైమ్ వ్యాధికి గుర్తుగా పుస్తకాల్లో చూపే, కాటు చుట్టూ వచ్చే ఎర్రటి వలయం తెల్లని చర్మం మీదిది. మన చామనఛాయ ఒంటి మీద అది కమిలిన మచ్చలా, ఒక్కోసారి నీడలా మాత్రమే కనిపిస్తుంది, అసలు రాకపోనూ వచ్చు. జ్వరం, కీళ్ల నొప్పులు వస్తే వైద్యుడు అడిగేదాకా ఆగకుండా, ఏ తేదీన ఏ కౌంటీ అడవిలో తిరిగారో మొదటి మాటగా మీరే చెప్పండి.