ఉల్లిపొట్టుతో పాత కాటన్ బట్టకు రంగు

తెల్ల కాటన్ చున్నీలు, దిండు గలీబులు కొన్నాళ్లకు ఎంత ఉతికినా మాసినట్టే కనిపిస్తాయి. పారేయబుద్ధి కాదు, వాడబుద్ధి కాదు. వాటికి ఉల్లిపొట్టు రంగు వేసి చూడండి, చాలా బాగా పడుతుంది.

పైనుండే ఎండు పొట్టే కావాలి. రోజూ రాలేది ఒక గుడ్డసంచిలో వేసుకుంటూ పోతే చాలు. కూరగాయల కొట్లో అడిగితే గోనె అడుగున రాలింది ఊరికే ఇచ్చేస్తారు.

100 గ్రాముల బట్టకు 50 గ్రాముల పొట్టు (తేలిక కదా, పెద్ద గిన్నె నిండుతుంది), 15 గ్రాముల పటిక. ముందు బట్టను సబ్బుతో ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి, లేదంటే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. పటికను 2 లీటర్ల వేడినీళ్లలో కరిగించి బట్టను రాత్రంతా నాననివ్వండి. మర్నాడు పొట్టును 3 లీటర్ల నీళ్లలో ముప్పావుగంట ఉడికించి వడకట్టండి. చిక్కటి టీ డికాషన్‌లా దిగుతుంది. పటికలో నానిన బట్టను పిండి అందులో వేసి, సన్నమంట మీద గంటసేపు ఉంచండి. మధ్యమధ్య కర్రతో తిప్పుతుండాలి. చల్లారాక జాడించి నీడలోనే ఆరేయండి, ఎండకు రంగు వెలుస్తుంది. గిన్నె స్టీలుదే వాడండి. ఇనప మూకుడైతే రంగు నల్లబడుతుంది.

పాలిస్టర్ కలిసిన బట్టకు మాత్రం ఇది సరిగా పట్టదు. అనుమానముంటే అంచు నుంచి ఒక దారం లాగి కాల్చండి. నూలైతే బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.