రూమ్ హీటర్ ఆన్ చేసే ముందు

ఆదిలాబాద్‌లో, లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల చలి గురించి చెప్పనక్కర్లేదు. హీటర్ బయటికి తీసే ముందు ఇవి చూసుకోండి.

• ముందు సందులు మూయండి. తలుపు కింద పాత చీర చుట్టి పెట్టండి, కిటికీలకు మందపాటి పరదాలు వేయండి. ఇల్లంతా కాదు, పడుకునే గది ఒక్కటి వెచ్చగా ఉంటే చాలు.

• 2000 వాట్ల హీటర్ గంటసేపు ఆగకుండా నడిస్తే 2 యూనిట్లు. 8 గంటలకు 16. కరెంటు బిల్లు స్లాబు దాటితే యూనిట్ రేటూ పెరుగుతుంది. పడుకునే ముందు కాసేపు వేసి ఆపేయండి, మిగతాది బొంత, గొంగడి చూసుకుంటాయి. ‘తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి’ అనే షాపువాళ్ల మాట నమ్మకండి. కాయిల్‌దైనా ఆయిల్‌దైనా యూనిట్‌కి వచ్చే వేడి ఒకటే.

• హీటర్ ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ప్లగ్గు వేడెక్కితే వెంటనే ఆపండి.

• పరుపు, దోమతెర, పరదాలకు హీటర్ కనీసం మీటరు దూరం. తడి బట్టలు దాని మీద ఆరేయొద్దు.

• బొగ్గుల కుంపటి చవకే. కానీ మూసిన గదిలో వద్దే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ‘మంట ఆరిపోయింది కదా’ అని లోపలికి తేవడం మరీ ప్రమాదం. నివురు కింద నిప్పులు కూడా ఆ వాయువును వదులుతూనే ఉంటాయి. చలి కాచుకోవడం ఆరుబయటే.