విద్యుత్ కార్ల కంపెనీ షేరు కొనేముందు ఏమి చూడాలి

జడ్చర్లలో జాతీయ రహదారి పక్కన నాకు కార్ల షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. ఈ మధ్య బండి సర్వీసుకు ఇచ్చినవాళ్లు ఆయిల్ మార్చేలోపే అడుగుతున్నారు: "అన్నా, ఎలక్ట్రిక్ కార్ల షేర్లలో ఏది కొనమంటావు?" ఏది కొనాలో నేను చెప్పను. ఎలా చూసి కొనాలో చెబుతాను. చూడకుండా కొని 2021లో అరవై వేలు పోగొట్టుకున్నాను. ఫోను గ్రూపులో ఎవరో పెట్టిన మాట నమ్మి, పేరులో ‘ఎలక్ట్రిక్’ ఉందని కొన్నాను. ఆ కంపెనీ అప్పటికి ఒక్క కారు కూడా తయారు చేయలేదని తర్వాత తెలిసింది. అది అమ్మాయి చదువుకు దాచిన డబ్బు.

అందుకే ముందుగా చూడాల్సింది కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. వందల పేజీలున్నా భయపడకండి. ఏ వ్యాపారం నుంచి ఎంత ఆదాయం వచ్చిందో విభాగాలవారీగా చూపే పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని వెతకండి. టాటా సంగతే తీసుకోండి. మన రోడ్ల మీద టాటా విద్యుత్ కార్లు నెక్సాన్ ఈవీలు చూసి ఆ షేరు కొనాలనిపిస్తుంది. 2025 అక్టోబరులో ట్రక్కుల వ్యాపారం వేరే కంపెనీ అయింది. కార్లు మిగిలిన కంపెనీలోనే బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ ల్యాండ్ రోవర్ కూడా ఉంది, ఆదాయంలో పెద్ద వాటా దానిదే. 2025 సెప్టెంబరులో సైబర్ దాడి వల్ల అక్కడ కార్ల తయారీ వారాలపాటు ఆగిపోయింది. ఆ దెబ్బ నెక్సాన్‌ను చూసి షేరు కొన్నవారికీ తగిలింది.

దివిటిపల్లి దగ్గర అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగినప్పుడు మా పాలమూరులో ఎంత సంబరమో చెప్పలేను. పదేళ్లలో 9,500 కోట్లు పెడతామన్నారు. మన జిల్లాలో ఫ్యాక్టరీ రావడం నాకూ గర్వమే. కానీ ఆ కంపెనీకి ఇప్పటికీ ప్రధాన ఆదాయం పాతకాలపు సీసం బ్యాటరీల నుంచే వస్తోంది. ఊరి మీద మమకారం వేరు, షేరు ధర వేరు.

ఇంజనూ విద్యుత్ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ కార్ల విషయంలో మాత్రం నా పని నాకు చాలా నేర్పింది. పూర్తి విద్యుత్ కారులో పిస్టన్ రింగులు, సైలెన్సరు, ఇంజెక్టర్లు ఉండవు. హైబ్రిడ్‌లో అవన్నీ ఉంటాయి, పైగా మోటారు, బ్యాటరీ కూడా ఉంటాయి. కాబట్టి హైబ్రిడ్లు పెరిగితే ఇంజను విడిభాగాల కంపెనీలకు ఇంకొన్నేళ్లు పని ఉంటుంది, పూర్తి విద్యుత్ కార్లు పెరిగితే ఆ పని తగ్గుతుంది. విడిభాగాల కంపెనీ షేరు కొనేవారు అది ఎటువైపు సరుకు చేస్తోందో తప్పక అడగాలి. మోటారులోని అయస్కాంతాలు, బ్యాటరీ సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తాయి. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే ఇక్కడి కార్ల కంపెనీలన్నీ కంగారుపడ్డాయి.

ఇంకో చిక్కు ఉంది. రోడ్డు మీద కనిపించే ప్రతి కారు కంపెనీ షేరూ మన మార్కెట్‌లో దొరకదు. ఇన్నోవా హైక్రాస్ తయారుచేసే టయోటా కిర్లోస్కర్ ఇక్కడ లిస్ట్ కాలేదు. మారుతి, మహీంద్రా, హ్యుందాయ్ దొరుకుతాయి. చైనా కార్ల కంపెనీ బీవైడీ షేరు హాంకాంగ్ మార్కెట్‌లో ఉంది.

ప్రభుత్వ రాయితీలనూ లెక్కలో పెట్టండి. తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించారు. జీఎస్టీ వాటిపై 5 శాతమే, పెద్ద హైబ్రిడ్లపై 40 శాతం. ఈ తేడా మారిన రోజున అమ్మకాలూ మారతాయి.

కొనడానికి డీమ్యాట్ ఖాతా, అంటే కొన్న షేర్లు కాగితం లేకుండా కంప్యూటర్‌లో ఉండే ఖాతా, తెరవండి. మీకున్న డబ్బంతా ఒక్కసారే పెట్టకండి. నేను ఇప్పుడు నెలకు రెండు వేలు చొప్పున, రెండు మూడు కంపెనీల్లో పెడుతున్నాను. కనీసం అయిదేళ్లు కదిలించనవసరం లేని డబ్బే పెట్టాలి. ఏడాది లోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను పడుతుంది. ఏడాది దాటాక అమ్మితే, ఆ ఆర్థిక సంవత్సరంలో లాభం 1.25 లక్షలకు మించిన భాగంపై 12.5 శాతం. ఖాతా తెరిచే రోజే నామినీ పేరు రాయించి, ఆ సంగతి ఇంట్లో చెప్పండి.