ఇల్లూ పరుగూ – మూడో పాఠం: నల్లా రాని పొద్దు

మొదటి పాఠంలో నడకా పరుగూ కలిపి అరగంట గడపడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో వేగం సంగతి చూశాం. పరుగెత్తుతూ పక్కనున్న మనిషితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే అది మన వేగం, మాట మధ్యలో తెగిపోతుంటే ఇంకా నెమ్మదించాలి. ఈ రెండూ పట్టుబడినవాళ్ళకి ఇప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. కాళ్ళు బయల్దేరడానికి సిద్ధం, ఇల్లు మాత్రం కదలనివ్వదు. అందుకే ఈసారి పాఠమంతా ఇంటి గురించే.

మాది హన్మకొండ. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, నేను. నాకూ ఆయనకూ ఉద్యోగాలున్నాయి. పాప స్కూలు బస్సు 7:40కి వీధి మలుపు దగ్గర ఆగుతుంది. పరుగు మొదలుపెట్టిన కొత్తలో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ ఐదింటికి లేచి, స్కూటీ మీద భద్రకాళి చెరువు కట్టకి వెళ్ళి, ఆరున్నరకి తిరిగొచ్చేదాన్ని. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ఇంటికొచ్చేసరికి వాకిలంతా తడి, స్టవ్ మీద పొంగిన పాలు మాడిన వాసన. బాబు నిద్ర లేచి ఏడుస్తున్నాడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పితోనే నల్లా నీళ్ళు పట్టి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు నేను బూట్లు వేసుకోలేదు.

మళ్ళీ మొదలుపెట్టే ముందు చేసిన పనినే ఈ పాఠంలో మీకు నేర్పబోతున్నాను. గీతల నోటుబుక్కు ఒకటి తీసుకుని, పద్నాలుగు రోజుల పాటు ఇంటి పొద్దు రాసి పెట్టుకున్నాను. ఎవరు ఎన్నింటికి లేచారు, పాల ప్యాకెట్లు ఎప్పుడొచ్చాయి, నల్లా ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోయింది, చెత్త బండి ఎప్పుడొచ్చింది, స్నానాల గదిలో ఎవరి తర్వాత ఎవరు, డబ్బాలు కట్టడం ఎన్నింటికి పూర్తయింది. రోజుకు ఐదారు అంకెలు, అంతే. వారం రోజులు రాస్తే చాలదా అని మీరు అడుగుతారు. చాలదు. మా ఇంటి గుట్టు రెండో వారంలోనే బయటపడింది.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు, ఐదున్నర నుంచి ఆరున్నర దాకా. ఒక వారం సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు వస్తే, తర్వాతి వారం మంగళ, గురు, శనివారాలు వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నేను అనుకున్నట్టు మీరూ సోమ, బుధ, శుక్రవారాలు పరుగని గోడ మీద రాసి పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. ఒక వారం మూడు రోజులూ హాయిగా సాగుతాయి. మరుసటి వారం మూడు రోజులూ నీళ్ళకి అడ్డం పడతాయి. రెండో వారం అయ్యేసరికి నాకు పట్టుదల లేదని మనల్ని మనమే తిట్టుకుంటాం. నిజానికి పట్టుదలకేం లోటు లేదు, లెక్క కుదరలేదంతే.

అప్పట్నుంచి నా పరుగుని వారాల పేర్లకు ముడిపెట్టడం మానేశాను. నల్లా రాని పొద్దు పరుగు పొద్దు. అలారం పెట్టుకునేటప్పుడు ఆలోచించే పనే లేదు. ముందు రోజు బిందెలు నిండాయంటే రేపు బూట్లు తియ్యాలి.

దీని వల్ల ఒంటికి కూడా మేలు జరిగింది. కొత్తగా పరుగెత్తేవాళ్ళకి ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. ఎముకలూ కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని రోజూ పరుగెత్తితే, మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలవ్వచ్చు. మధ్యలో ఒక రోజు విడిచిపెట్టడం ఆ ఎముకకిచ్చే గడువు. అమెరికాలో జాష్ క్లార్క్ అనే ఆయన 1996లో, యాభై దాటిన తన తల్లి కూడా చెయ్యగలిగేలా ఒక పరుగు పద్ధతి తయారు చేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. ఇవాళ దేశదేశాల్లో మొదటి ఐదు కిలోమీటర్లు నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా పట్టుకునేది దాన్నే. ఒక అమ్మ కోసం పుట్టిన పద్ధతి కాబట్టి ఇంటి మనుషులకు అంత బాగా సరిపోయిందని నాకనిపిస్తుంది.

రోజు విడిచి రోజంటే ఒక వారం మూడు పరుగులు, మరుసటి వారం నాలుగు. ఆ నాలుగోది మొదటి రెండు నెలలూ పరుగెత్తకండి. దాన్ని ఇంట్లోవాళ్ళతో నడకగా మార్చుకోండి.

మీ ఇంట్లో నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తుండొచ్చు. అప్పుడు మీ ఇంటికి నల్లాలాంటిది ఇంకేదో ఉంటుంది, పట్టికే అదేంటో చూపిస్తుంది. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో సింగరేణి ఇల్లయితే షిఫ్టులే నల్లా. ఆయన ఫస్ట్ షిఫ్ట్ వారంలో పొద్దున్న అడుగు బయట పెట్టే వీలుండదు, సాయంత్రం ఉంటుంది. నైట్ షిఫ్ట్ వారంలో ఆయన వచ్చి పడుకున్నాక ఇంట్లో చప్పుడు కాకూడదు, కాబట్టి ఆ అరగంట బయటే గడపడం ఇద్దరికీ మంచిది. పిల్లల్ని సాయంత్రం డాన్సు క్లాసుకి దింపేవాళ్ళకి ఆ క్లాసే నల్లా. గంట సేపు మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకునే తల్లుల్ని ఎందరినో చూశాను. ఆ గంటలో బిల్డింగు చుట్టూ అరగంట పరుగు సుఖంగా అయిపోతుంది. విశాఖలో ఉన్నవాళ్ళని చూస్తే మాత్రం అసూయే. పొద్దున్నే బీచ్ రోడ్డు మీదికి బండ్లు రాకుండా ఆపి, నడిచేవాళ్ళకి వదిలేస్తారు.

ఇక ఇంట్లోవాళ్ళతో మాట. చాలామంది ఇక్కడే తడబడతారు. “నాకు కొంచెం సపోర్ట్ చెయ్యండి” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎవరు ఏ పని ఎన్నింటికి చెయ్యాలో అడగండి. నేను రాత్రి భోజనాలయ్యాక నోటుబుక్కు తెచ్చి అందరి ముందూ పెట్టాను. నల్లా రాని పొద్దు 5:30 నుంచి 6:10 దాకా నేను బయట ఉంటాను, ఆ నలభై నిమిషాల్లో రెండే పనులు పడతాయి, పాలు లోపలికి తేవడం, బాబు లేస్తే చూసుకోవడం అని చెప్పాను. మా ఆయన పట్టిక చూసి, “గంతేనా? పాలు నేను తెస్త, పోరడు లేస్తే నా పక్కలనే పండుకోబెట్టుకుంట” అన్నాడు. అత్తమ్మ కాసేపాగి, “నువ్వు ఉరుకుతె ఉరుకు గనీ, నల్లా పొద్దు మాత్రం ఇంట్ల ఉండు బిడ్డా. నాతోని గాదు” అంది. ఆ పదకొండో రోజు అనాల్సిన మాట నాలుగు నెలల తర్వాత ఆమె నోట వచ్చింది. నేను ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను, నల్లా పొద్దు గేటు దాటనని. ఇప్పటిదాకా దాటలేదు.

మనం తీసుకున్న అరగంటకు బదులు ఇవ్వాలి కూడా. ఆదివారం పొద్దున్న రెండు గంటలు మా ఆయన క్రికెట్‌వి, వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. నోటుబుక్కులో అవి కూడా రాసి ఉన్నాయి.

రోజుకో అరగంట, వారానికి మూడు రోజులు సరిపోతుందా అని అనుమానం వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క చూడండి. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు పరుగులాంటి గట్టి శ్రమ కావాలి. రెండూ కలుపుకోవచ్చు. మన మూడు అరగంటలకి కూరగాయల మార్కెట్‌కీ బస్టాపుకీ నడిచేది కలిపితే ఆ దరిదాపుల్లోకి వచ్చేస్తాం.

నలభై నిమిషాలు గేటు నుంచి గేటు దాకా అని గమనించారా? నా మొదటి ప్రయత్నంలో కట్టకి వెళ్ళిరావడానికే చాలా సమయం పోయేది. ఇప్పుడు మామూలు రోజుల్లో గేటు దగ్గరే గడియారం నొక్కుతాను. మొదటి ఐదు నిమిషాలు గల్లీ చివరి దాకా గబగబా నడక. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఐదు సార్లు. చివరి ఐదు నిమిషాలు నడుచుకుంటూ ఇల్లు. మొత్తం ముప్పై నిమిషాలు, మిగిలిన పది బూట్లకీ మంచినీళ్ళకీ. ఇది మూడు వారాలు చెయ్యండి. ఆ తర్వాత మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, నాలుగు సార్లు. దూరం కొలవకండి, ఇప్పుడప్పుడే దాని అవసరం లేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చే ఆలోచన కూడా పక్కన పెట్టండి, దాని సంగతి చాలా తర్వాతి పాఠాల్లో.

ముందు రాత్రి చెయ్యాల్సినవి మూడున్నాయి. టిఫిన్ పని సగం అయిపోవాలి. నేను పరుగు పొద్దుకు ఇడ్లీయే పెట్టుకుంటాను, పిండి గిన్నె ఫ్రిజ్‌లో ఉంటుంది, డబ్బాలోకి కూర తరిగి ఉంటుంది. బట్టలూ బూట్లూ తాళం చెవీ హాల్లో కుర్చీ మీద ఉండాలి, చీకట్లో బీరువా తెరిస్తే ఆ కిర్రుమనే చప్పుడుకి బాబు లేస్తాడు. అలారం వైబ్రేషన్‌లో పెట్టి ఫోను దిండు పక్కనే. ఆడవాళ్ళు బూట్ల కంటే ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి. దీని గురించి మనం ఒకరితో ఒకరం మాట్లాడుకోం, అది లేక పరుగు మానేసినవాళ్ళు నాకు తెలుసు.

బిడ్డ పుట్టి కొన్నాళ్ళే అయినవాళ్ళు ఈ పట్టిక మొత్తం పక్కన పెట్టండి. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు 2019లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాన్పు తర్వాత కనీసం మూడు నెలలు పరుగు వద్దు. ఆ తర్వాత కూడా పరుగెత్తేటప్పుడు మూత్రం చుక్కలుగా పడుతున్నా, కింద బరువుగా లాగుతున్నా ఆగి డాక్టరుకి చూపించండి. పిల్లల్ని కన్నాక ఇది మామూలేనని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. చాలామందికి వైద్యంతో, వ్యాయామంతో తగ్గుతుంది, భరించాల్సిన పని లేదు.

గల్లీలో పరుగంటే కుక్కలు. అవి వెంటపడేది పరుగెత్తే కాళ్ళనే. దూరం నుంచి చూసినప్పుడే నడకలోకి దిగండి. దగ్గరికొస్తే ఆగి నిలబడండి, కళ్ళల్లోకి చూడకండి, వీపు తిప్పకుండా పక్కకి జరగండి. నా దారిలో ఒక పెంటకుప్ప ఉంది, అక్కడ నాలుగు కుక్కలు కాపురం. ఆ వంద గజాలూ ఎప్పుడూ నా నడక వంతులోనే వచ్చేలా లెక్క సర్దుకున్నాను.

వెలుతురు కూడా లెక్కలోకి వస్తుంది. జూన్‌లో మన దగ్గర ఐదున్నర దాటిన కాసేపటికే సూర్యుడు వస్తాడు, జనవరిలో 6:45 దగ్గరపడాలి. కాబట్టి చలికాలంలో 5:30కి బయట చీకటే. లేత రంగు బట్టలు వేసుకుని, వీధి దీపాలున్న దారిలోనే, ఎదురొచ్చే బండ్లు కనపడే వైపున పరుగెత్తండి. ఏ దారిన వెళుతున్నారో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి.

తప్పిన రోజుల గురించి. పిల్లలకి జ్వరం, చుట్టాలు, దసరా ముందు బతుకమ్మ తొమ్మిది రోజులు. వారం రోజులు మానేస్తే సాధించింది ఏమంత పోదు. రెండు వారాలు దాటితేనే తగ్గుదల తెలుస్తుంది, అప్పుడు ఒక మెట్టు వెనక్కి వచ్చి మొదలుపెట్టండి. పోయిన పరుగుని మరుసటి రోజుకి కలిపి రెట్టింపు చెయ్యకండి. బతుకమ్మ రోజుల్లో నేను అసలు పరుగెత్తను. సాయంత్రాలు గంటల తరబడి చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, పువ్వుల చుట్టూ తిరిగాక పిక్కలు వాటంతట అవే చెబుతాయి ఎంత పని జరిగిందో.

నాలుగో రోజు నడక ఆదివారం పడితే అందరం భద్రకాళి కట్టకి వెళతాం. అత్తమ్మ గుడిలో దండం పెట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. ఓసారి పాప తనూ అమ్మలా పరుగెత్తుతానని మారాం చేస్తే, అత్తమ్మ కొంగు ముడి విప్పి ఐదు చింతగింజలు తీసింది. పాప ఒక వంతు పరుగెత్తి వచ్చిన ప్రతిసారీ ఒక గింజ ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి. ఐదూ మారాక, “ఇగ సాలు, నీళ్ళు తాగు” అంది. నేను ఫోనులో గడియారం పెట్టుకుని చేసే లెక్క అదే.

ఈ పాఠానికి పని ఇది. పద్నాలుగు రోజుల పట్టిక గీయండి, ఈ రెండు వారాలూ పాత పద్ధతిలోనే వీలున్నప్పుడు పరుగెత్తండి. పదిహేనో రోజు రాత్రి పట్టికని ఇంట్లోవాళ్ళ ముందు పెట్టండి. నాలుగో పాఠంలో ఎండాకాలం, చెమట, నీళ్ళ సంగతి చూద్దాం. మొదటి గడి రేపు పొద్దున్నే నింపాలి, మీ ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేచారు, ఎన్నింటికి, ఏ పని కోసం.