బోడోనీ, డిడో టైపు ఇంగ్లీష్ ఫాంట్ హెడ్డింగ్‌కి పెట్టేముందు ఇవి చూస్కోండి

- ముందు సైజు. నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం కదా, 72 పాయింట్లలో అదిరిపోయేదే 12కి దించితే ఆ సన్నగీత మాయమై చిన్న 'e' కాస్తా 'c'లా కనబడుద్ది. ఐటీసీ (ఇంటర్నేషనల్ టైప్‌ఫేస్ కార్పొరేషన్) వాళ్ల బోడోనీలో 6, 12, 72 అని వేర్వేరు కట్‌లు (ఒక్కో సైజుకి తగ్గట్టు గీసిన రూపాలు) ఉన్నది అందుకే, హెడ్డింగ్‌కి 72దే తీస్కోండి.
- నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు ప్రింట్‌కి పంపుతుంటే మరీ జాగ్రత్త, ఇంకు పాకి గీతలు పూడిపోతాయి, నాకోసారి పోస్టర్ మొత్తం అలాగే పోయింది, స్క్రీన్ మీద జూమ్ చేసి చూసి ఓకే అనేశా మరి! అసలు సైజులో ఒక్క ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీయించండి.
- గజిబిజి ఫోటో మీద వద్దు.
- పెద్ద సైజులో 'A', 'V' పక్కపక్కన పడితే మధ్యలో గ్యాప్ కొట్టొచ్చినట్టు ఉంటుంది, కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం) చేత్తో సరిచేయండి.