పరస్పర అంగీకారంతో విడాకులు ఎలా తీసుకోవాలి? విశాఖ ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ నుంచి డిక్రీ దాకా

భార్యాభర్తలిద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్నాక కోర్టు తేల్చాల్సింది పెద్దగా ఏమీ మిగలదు. తేల్చుకోవాల్సిందంతా కోర్టు మెట్లెక్కకముందే ఉంటుంది. డబ్బు ఎప్పుడిస్తారు, బంగారం ఎవరి దగ్గరుంది, సంక్రాంతికి పిల్లాడు ఎవరింట్లో ఉంటాడు అన్నచోటే ఇలాంటి కేసులు చిక్కుకుంటాయి. అందుకే ఇక్కడ కోర్టు పని కంటే ఒప్పందం గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు ఒక అపోహ. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద "ఈ రోజు నుంచి మా ఇద్దరికీ సంబంధం లేదు" అని రాయించి, నోటరీ ముద్ర వేయిస్తే విడాకులైపోయాయని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవ్వవు. కులాచారం ప్రకారం విడాకులు ఉన్నచోట హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) దాన్ని గుర్తిస్తుంది. అయితే ఆ ఆచారం ఉందని సాక్ష్యంతో రుజువు చేయాల్సింది మీరే. ఆ కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే ద్విభార్యత్వం కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఏ చట్టం, ఎంత కాలం

హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 13బి. రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్నవాళ్లు చాలామంది తమది ప్రత్యేక వివాహ చట్టం కిందికి వస్తుందనుకుంటారు. గుళ్లో పెళ్లి చేసుకుని ఆ తరవాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే అది హిందూ వివాహమే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి చేసుకున్న, లేదా ఆ చట్టం కిందే రిజిస్టర్ చేయించుకున్న పెళ్లికి మాత్రమే ఆ చట్టంలోని సెక్షన్ 28 వర్తిస్తుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలో సెక్షన్ 10ఏ ఉంది. అందులో రాసిన ఎడబాటు కాలం రెండేళ్లు. ముస్లిం దంపతుల దారి వేరు కాబట్టి ఇక్కడ రాసిన మెట్లు వాళ్లకు పనికిరావు.

13బి కింద మూడు విషయాలు ఉండాలి. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి, కలిసి బతకలేని స్థితి ఉండాలి, ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకోవాలి. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లే అక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా దాంపత్య జీవితం లేకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. కాకపోతే ఒకే డోర్ నంబరు చూపిస్తే బెంచి మీద నుంచి నాలుగు ప్రశ్నలు ఎక్కువ వస్తాయి. వాటికి సమాధానం సిద్ధంగా ఉంచుకోండి.

ఎక్కడ వేయాలి

పెళ్లి జరిగిన ఊరు, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోటు, పిటిషన్ వేసేనాటికి అవతలివాళ్లు ఉంటున్న చోటు, లేదా భార్య పిటిషనర్ అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న చోటు. ఈ నాలుగింటిలో ఒకటి విశాఖ అయితే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో వేయొచ్చు. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్లి రాజమండ్రిలో, భార్య పుట్టిల్లు ఎంవీపీ కాలనీ అనుకోండి. ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంటే విశాఖ చాలు, చిరునామా రుజువు మాత్రం కావాలి. ఆధార్‌లో ఇంకా అత్తారింటి చిరునామానే ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. గాజువాక, భీమిలి, అనకాపల్లి వైపు వాళ్లు తమ చిరునామా ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో లాయరు చేత ముందే చూపించుకోవాలి. పరిధి తప్పితే కాగితాలు తిరిగి చేతికే వస్తాయి.

కాగితాలు

పెళ్లి సర్టిఫికెట్ (లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫోటోలు, సింహాచలంలోనో అన్నవరంలోనో చేసుకున్నవాళ్లకు దేవస్థానం ఇచ్చిన రసీదు), ఇద్దరి ఆధార్, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, విడిగా ఉంటున్నట్టు చూపే అద్దె ఒప్పందం లాంటిది, ఇద్దరి మధ్య ఇప్పటికే నడుస్తున్న కేసుల నంబర్లు. ఆధార్‌లో ఒక పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే పిటిషన్‌లో రెండూ రాయించండి. ఇంటిపేరు మారిన చోట ఈ పొరపాటు తరచూ దొర్లుతుంది, డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) వచ్చాక దిద్దించడం తలనొప్పి.

ఒప్పందం రాసుకోవడం

దీనికి రెండు వారాలు పట్టినా ఫర్వాలేదు, తొందరపడకండి. ఇద్దరికీ ఒకే లాయరు ఉంటే ఖర్చు తగ్గుతుంది, కానీ డబ్బు లెక్క పెద్దదైతే ఎవరి లాయరు వాళ్లకు ఉండటమే మేలు.

డబ్బు: ఎంత అన్నదే కాదు, ఏ రోజు, ఏ రూపంలో అన్నది రాయాలి. 12 లక్షలు అనుకుంటే, 4 లక్షలు మొదటి వాంగ్మూలం రోజు (కోర్టు ఇద్దరి మాటనూ రెండుసార్లు నమోదు చేస్తుంది, ఆ వివరం కింద ఉంది), మిగతా 8 లక్షలు రెండో వాంగ్మూలం రోజు కోర్టులోనే డీడీ రూపంలో అని రాసుకుంటే ఇద్దరికీ భయం ఉండదు. మొత్తం ముందే ఇచ్చేస్తే డబ్బు తీసుకున్నవాళ్లు రెండోసారి రాకపోవచ్చు. మొత్తం చివరికి పెడితే డబ్బు రావాల్సినవాళ్లకు నిద్ర పట్టదు. డీడీ నంబరు, తేదీ, బ్యాంకు పేరు వాంగ్మూలంలో ఎక్కించాలి. నగదు ఇవ్వకండి, తీసుకోకండి.

బంగారం, సామాను: "స్త్రీధనం అంతా ముట్టింది" అని ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. నల్లపూసలు 3 తులాలు, గాజులు 4, లాకర్ ఏ బ్యాంకు ఏ బ్రాంచి, సారెలో వచ్చిన ఫ్రిజ్, మంచం అంటూ జాబితా రాసి, అప్పగించిన రోజు దాని కింద సంతకాలు పెట్టించుకోండి.

ఫ్లాటు: మధురవాడలో ఇద్దరి పేరు మీద లోను పెట్టి కొన్న ఫ్లాటు ఉందనుకోండి. "ఫ్లాటు ఆమెకు" అని ఒప్పందంలో రాసినంత మాత్రాన రికార్డుల్లో ఆమె పేరు ఒక్కటే అయిపోదు. భర్త తన వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయాలి. బ్యాంకుకు మీ ఒప్పందంతో పని లేదు. లోను కాగితంలో సంతకం ఉన్నంతకాలం ఇద్దరినీ అడుగుతుంది. బ్యాంకుతో ముందే మాట్లాడి, ఒకరి పేరు తీయించే తేదీ రాసుకోండి.

పిల్లలు: ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. తండ్రి చూడటానికి రావడం గురించి "వీలైనప్పుడు" అని రాస్తే గొడవకు తలుపు తెరిచినట్టే. రెండో, నాలుగో ఆదివారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు, ఎక్కడ దింపాలి, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, వీడియో కాల్ ఎప్పుడు అన్నవి రాయండి. పాస్‌పోర్టుకు సంతకం పెట్టే సంగతి కూడా రాయాలి. ఖర్చుకు ఒకే అంకె వేస్తే ఐదేళ్లకు అది చాలదు, ఏటా ఎంత శాతం పెరగాలో చేర్చండి. "బిడ్డ పోషణ మీద నాకేమీ హక్కు లేదు" అని తల్లి రాసిచ్చినా బిడ్డ హక్కు పోదు. తరవాత బిడ్డ తరఫున అడగవచ్చు.

పాత కేసులు: విడాకుల డిక్రీతో క్రిమినల్ కేసు దానంతటది పోదు. 498ఏ (ఇప్పటి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85), గృహహింస కేసు, మనోవర్తి కేసు, ప్రతి ఒక్కదాని నంబరూ రాసి ఎవరు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో, హైకోర్టులో క్వాష్ పిటిషన్‌కు (కేసు కొట్టేయమని కోరే పిటిషన్) ఎవరు అఫిడవిట్ ఇవ్వాలో తేల్చుకోండి. కేసులన్నీ ముగిశాకే డబ్బులో చివరి వాయిదా అని పెట్టుకోవడం మామూలే.

కోర్టులో జరిగేది

జంటగా వేసే పిటిషన్‌లో ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేస్తారు, ఇద్దరూ అఫిడవిట్లు ఇస్తారు. ఆఫీసు కాగితాలు పరిశీలించి ఏదైనా లోపముంటే రిటర్న్ వేస్తుంది. సరిదిద్ది మళ్లీ సమర్పించాలి, కంగారు అక్కర్లేదు. అంతా సరిగా ఉంటే ఎఫ్.సి.ఓ.పి. నంబరు, అంటే ఫ్యామిలీ కోర్టులో మీ కేసు నంబరు పడుతుంది. ఆ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు.

ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. కౌన్సెలర్ ముందు ఇద్దరూ కూర్చోవాలి. పాత గొడవలన్నీ తవ్వనక్కర్లేదు, ఎవరి బలవంతమూ లేదని స్పష్టంగా చెబితే చాలు. తరవాత మొదటి వాంగ్మూలం. పెళ్లి ఎప్పుడైంది, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, ఇష్టపూర్వకంగానే అడుగుతున్నారా, ఒప్పందం చదివారా అని అడుగుతారు. విడిపోయిన తేదీ ఇద్దరి నోటా ఒకటే రావాలి. ఆమె 2023 మార్చి అని, అతను 2023 దసరా అని చెబితే ఏడాది లెక్క అక్కడే తప్పుతుంది.

తరవాత ఆరు నెలల నిరీక్షణ. రెండో వాంగ్మూలం పిటిషన్ వేసిన తేదీ నుంచి 6 నెలల తరవాత, 18 నెలల లోపు జరగాలి. ఈ ఆరు నెలలు తగ్గించమని కోరవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర ఎడబాటు పూర్తయి ఉండాలి, రాజీ యత్నాలు విఫలమై ఉండాలి, డబ్బు, పిల్లలు, మిగతా తగాదాలు నిజంగా తేలిపోయి ఉండాలి. అప్పుడు మొదటి వాంగ్మూలమైన వారం తరవాత ఐ.ఏ. (నడుస్తున్న కేసులో పెట్టే మధ్యంతర అర్జీ) వేయొచ్చు. మినహాయింపు ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. "పదిహేను రోజుల్లో విడాకులు" అని గ్యారంటీ ఇచ్చేవాళ్లను దూరం పెట్టండి.

ఓడల మీద పనిచేసేవాళ్లు, నేవీవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు విశాఖలో తక్కువేమీ కాదు. సెయిలింగ్ తేదీలు చూసుకుని పిటిషన్ వేయండి. ఆరు నెలలు నిండేనాటికి సముద్రం మీద ఉంటే వాయిదా జారిపోతుంది. వీడియో కాన్ఫరెన్స్ ద్వారానో, పవర్ ఆఫ్ అటార్నీ ద్వారానో వాంగ్మూలం ఇవ్వడానికి కోర్టు అనుమతి కావాలి, దానికి ముందుగానే అర్జీ పెట్టాలి. మేలో వేసవి సెలవులు ఉంటాయని కూడా లెక్కలో వేసుకోండి.

డిక్రీ ఇచ్చేదాకా ఎవరైనా ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు పరస్పర అంగీకార పిటిషన్ ముగిసిపోతుంది.

ఒకరు ఒప్పుకోకపోతే

సెక్షన్ 13(1) కింద కారణం రుజువు చేయాలి: క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టడం, వివాహేతర సంబంధం లాంటివి. మనస్పర్థలు అన్న ఒక్క మాట కారణం కిందికి రాదు. బంధం కోలుకోలేనంతగా చెడిందని చెప్పి విడాకులిచ్చే అధికారం రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉంది, 2023లో శిల్పా శైలేష్ కేసులో అది ఖాయమైంది. ఇక్కడ సంవత్సరాలు పడుతుంది. ఈలోగా సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం అడగవచ్చు. 2020 నాటి రజ్నేష్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి, అప్పుల అఫిడవిట్ వేయాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జాగ్రత్తగా భద్రపరచుకోండి. పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయాలంటే కోర్టు ప్రత్యేక అనుమతి కావాలి.

లాయరు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

డిక్రీ తరవాత

రెండు మూడు సర్టిఫైడ్ కాపీలకు ఒకేసారి దరఖాస్తు చేయండి. పేరు, తండ్రి పేరు, పెళ్లి తేదీ కోర్టు హాలు దాటకముందే సరిచూసుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ, ఎల్‌ఐసీ నామినీలు వెంటనే మార్చండి. డిక్రీ వచ్చినా ఫారంలో పాత పేరే ఉంటే డబ్బు విషయంలో మళ్లీ తగాదా తప్పదు. మళ్లీ పెళ్లి మాటకొస్తే, అంగీకార డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అప్పీలు లేదు. పోరాడి తెచ్చుకున్న డిక్రీ అయితే 90 రోజులు ఆగి, అవతలివాళ్లు అప్పీలు వేయలేదని ఈ-కోర్ట్స్‌లో చూసుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి.