అపార్ట్‌మెంట్ నుంచి వాతావరణ ప్రచారం ఎలా మొదలుపెట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రతి వేసవిలో ఇదే గొడవ. "నేనొక్కణ్ణి ఏసీ ఆపితే ఎండలు తగ్గుతాయా?" అని ఒకరు, "ముందు మీరు కారు మానండి" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి కార్బన్ లెక్క (మన వాడకం వల్ల గాల్లోకి ఎంత కార్బన్ పోతుందన్నది) వాళ్లే వేసుకోండంటూ 2004లో జనానికి కాలిక్యులేటర్ ఇచ్చింది బీపీ అనే చమురు కంపెనీయే! భారమంతా ఒక్కొక్కరి మీదే వేస్తే అలాంటి కంపెనీలకే హాయి. అలాగని ఇంట్లో ఏమీ చేయనివాళ్లు మీటింగులో లేచి మాట్లాడితే ఎవరు వింటారు? అందుకని ఇలా చేసి చూడండి.

1. ఇంట్లో ఒక్క పని చేయండి, అదీ లెక్కతో. ఇరవై పెట్టుకుంటే వారానికే ఓపిక అయిపోతుంది. మేం ఫ్యాన్లు మార్చాం. పాతది 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే మోటారున్నది) 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 12 గంటలు వేస్తే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ ఫోటో తీసి ఉంచుకోండి.

2. ఆ ఫోటో చూపించి ముగ్గుర్ని కూడగట్టండి. నేను మొదట్లో క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి ధ్రువాల మంచు కరగడం చూపించాను. వచ్చింది ఐదుగురు, అందులో ఇద్దరు పిల్లలు. 2024 మార్చిలో నీళ్ల ట్యాంకర్ కోసం కాచుక్కూర్చున్న ఊళ్లో ధ్రువాల సంగతి ఎందుకు? కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అదీ పల్లం నుంచి ఎత్తుకి పంపు చేస్తేనే మనకొస్తాయి. కుళాయి వదిలేస్తే కరెంటు కూడా పోతున్నట్టే. ఈ మాట అందరికీ వెంటనే ఎక్కుతుంది. తెలుగువాళ్లమే ఒక జట్టు కట్టేయకండి. నోటీసు కన్నడలో కూడా ఉండాలి.

3. అసోసియేషన్‌కి రూపాయల్లో చెప్పండి. లిఫ్టులు, మోటార్లు, మెట్ల లైట్ల కరెంటు బిల్లు మెయింటెనెన్స్‌లోంచే పోతుంది కదా. టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే, కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. పది కిలోవాట్లు పెడితే 1.8 లక్షలు. రోజుకు సుమారు 40 యూనిట్లు వస్తాయి. టెర్రస్ మీద నీడ ఎక్కడెక్కడ పడుతుందో ముందే చూసుకుని వెళ్లండి, మొదటి అడ్డు ప్రశ్న అదే. ఆ తర్వాతిది "వర్షాకాలంలో ఎలా?" అని.

4. ఇక గేటు దాటండి. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీల్ ఫ్లైఓవర్ కడతామన్నప్పుడు 800కు పైగా చెట్లు పోతాయని తెలిసి, 2016 అక్టోబర్‌లో జనం రోడ్డు పక్కన మానవహారం కట్టారు. 2017 మార్చిలో ప్రభుత్వం దాన్ని వదులుకుంది. ఎవరింట్లో వాళ్లు మొక్కలు పెంచుకుంటూ కూర్చుంటే అది ఆగేదా?

మీ వీధికి అంత పెద్ద సమస్య రాకపోవచ్చు. కానీ కర్ణాటకలో ఒక పనికి 50 కంటే ఎక్కువ చెట్లు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ (చెట్లు కొట్టడానికి అనుమతిచ్చే అధికారి) ప్రజల అభ్యంతరాలు అడగాలి. ఆ నోటీసు కనిపిస్తే గడువులోపు రాసి పంపండి. ఏ చెట్టు, ఎక్కడుంది, దాని బదులు ఏం చేయొచ్చు అన్నది మీ మాటల్లో ఉండాలి. ఒకే కాగితాన్ని యాభై జిరాక్సులు తీసి సంతకాలు పెట్టిస్తే అది ఒక్క ఉత్తరంలాగే కనిపిస్తుంది. కన్నడ రాయడం రాకపోతే పక్క ఫ్లాటువాళ్లను అడగండి. మాకైతే ఎనిమిదో తరగతి పిల్లే రాసిపెట్టింది, మా స్పెల్లింగులకు నవ్వుకుంటూ.